వదిన సెలెక్ట్ చేసిన మోటారు

రువీలో గురువారం రాత్రి పదిన్నర.
కిటికీ అద్దానికి బయటివైపు చెమట.
లోపల నేను, చల్లారిన కరక్ చాయ్,
మూడేళ్లుగా ఎవరూ ముట్టని జావా సర్వరు.

ఈ ఆఫీసులో డబ్బు ఉండదు,
డబ్బు వెళ్లే దారి ఉంటుంది అంతే.
మిస్ఫా క్యాంపుల్లో బయల్దేరి
మెట్‌పల్లి, ఆర్మూరు, కోరుట్ల చేరే దారి.
తలుపుంది గానీ ఇన్నాళ్లూ కావలి లేదు.

పోయిన నెల ఎవడో వచ్చి
పేరు రాయమన్న పెట్టెలో
పేరు బదులు ఒక ప్రశ్న రాశాడు.
సర్వరు అమాయకంగా జవాబు చెప్పబోయింది.
సంగతి తెలిశాక ఖల్ఫాన్ సాబ్
మూడు రోజులు సలాం తప్ప మాట్లాడలేదు.
నాలుగో రోజు రెండే ముక్కలు: గోడ కట్టు.

గోడంటే ఇటుకలు కావు.
లిబ్ ఫోల్డర్లో ఒక జార్ ఫైలు,
వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో కొన్ని లైన్లు.
ఫిల్టరు అన్నిటికంటే ముందు నిలబడాలి.
మొదట లాగిన్ తర్వాత పెట్టాను,
దొంగ వచ్చి మంచమ్మీద కూర్చున్నాక
కుక్క మొరిగినట్టయింది.
పైకి జరిపాను. టామ్‌క్యాట్‌ని ఆపి లేపాను.
లేచింది, విసుక్కుంటూ, నలభై సెకన్లకి.

వారం పాటు గోడకి ఒకటే చెప్పాను:
చూడు, రాసుకో, ఎవర్నీ ఆపకు.
కొత్తగా చేరిన కండక్టరులా
అందరి టికెట్లూ చూసింది, ఎవర్నీ దించలేదు.
అది రాసిందాన్ని రోజూ నేను
బియ్యంలో రాళ్లలా ఏరాను.

ఈ రాత్రి "ఆపు" అన్నాను.

పదకొండుకి మొదటి ఎర్ర గీత.
నాలుగు వందల మూడు. ప్రవేశం లేదు.
రెండోది. మూడోది.
అదే మనిషి, అవే ఎనభై రియాళ్లు,
ప్రతిసారీ ఇంకొంచెం ఓపిగ్గా.
పేరు నడిపి లింబాద్రి.
డబ్బుతో పాటు పంపే సందేశం పెట్టెలో
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు:
"యూనియన్ బ్యాంకుల ఏసిన తమ్మీ,
మీ వదిన సెలెక్ట్ చేసిన మోటరే తే."

యూనియన్. ఆ తర్వాత ఎక్కడో సెలెక్ట్.
ఆ రెండు మాటలూ ఆ వరసలో వస్తే
దొంగేనని నేర్పింది నేనే.
గోడ తప్పేం లేదు.
దానికి వదిన తెలీదు.

నవ్వొచ్చింది. కాసేపటికి ఆగిపోయింది.
ఖాతాలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను.
కూలరు హోరు, వెనక ఎవరో
అన్నం గిన్నె గీకుతున్న చప్పుడు.
"మేడం, నేను తప్పు రాసిన్నా?"
లేదన్నాను. పది నిమిషాలు ఆగమన్నాను.
"ఏమన్న తీసెయ్యాల్నా?
వదినను తీసెయ్యాల్నా?"
వద్దు. ఉంచండి.

గోడ మొత్తం దించడం ఒక్క లైను పని.
దించలేదు.
ఆ ఒక్క నియమాన్ని, ఆ ఒక్క పెట్టె దగ్గర మాత్రం
కళ్లు మూసుకోమన్నాను.
మూసుకునే ముందు వెనక కోడు తెరిచి
ఆ పెట్టెలోది డేటాబేసు దాకా
మాటగానే వెళ్తుందా, ఆజ్ఞగా మారుతుందా
అని రెండుసార్లు చూశాను.
మాటగానే వెళ్తోంది. ఎవరో పాతవాళ్లు,
పేరు తెలీదు, శ్రద్ధగా రాశారు.

పదకొండూ నలభై.
ఎనభై రియాళ్లు వెళ్లాయి, వదినతో సహా.

నలభై రెండుకి ఇంకొకడు,
ఊరూ పేరూ లేని చిరునామా నుంచి,
లాగిన్ పెట్టె దగ్గరికి.
అవే రెండు మాటలు, అదే వరస.
మధ్యలో మోటరు లేదు, తమ్ముడు లేడు,
"ఆల్" అని ఒక్క పొడి మాట.
ఆగిపోయాడు.

చాయ్ మీద మీగడ కట్టింది.
వేలితో పక్కకి తీసి తాగేశాను.
నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవాళ్ల కోసం
ఆ మినహాయింపు పక్కన ఒక కామెంటు రాశాను:
తీసేయకండి, ఇది దొంగదారి కాదు.
ఆఫీసు పద్ధతి ప్రకారం ఇంగ్లీషులోనే రాశాను.
వదిన దగ్గరికి వచ్చేసరికి
సరైన మాట దొరక్క
అలాగే వదిలేశాను.